ఒక పచ్చళ్ళ షాపు, ఆరు చోట్లు: ఎక్కడ ఏ వినైల్ వేయాలి

విజయవాడలో పడమటి ముఖంగా ఉన్న పచ్చళ్ళు, పొడుల దుకాణం అది. ముందు గాజు తలుపు, దానికి చెరో పక్క ఒక అద్దం, పైన 12 అడుగుల గ్లో సైన్ బోర్డు, లోపల కొత్తగా రంగు వేసిన గోడ. ఇంటింటికీ సరుకు చేర్చే చిన్న వ్యాను ఒకటి. ఇవి కాక సీసాల మీద లేబుళ్ళు. యజమాని అడిగింది ఒక్క ముక్క: "అన్నిటికీ ఒకటే రేడియం వేసెయ్యండి, అడుగు ఎంత పడుతుందో చెప్పండి."

మన ఊళ్ళలో ప్లాటర్ (కంప్యూటర్‌లో గీసిన గీతల వెంట బ్లేడుతో కోసే యంత్రం) మీద కోసిన స్టిక్కరు ఏదైనా రేడియమే. దాంట్లో రేడియం ఏమీ ఉండదు, అదంతా పీవీసీ ఫిల్మ్ (వినైల్ అనేది దీన్నే), వెనక జిగురు, దాని వెనక కాగితం. పేరుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు సరుకులున్నాయి, రోల్ మీద చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. కొనేవాళ్ళు రంగు చూసి కొంటారు. తరవాత ఊడేది, ముడుచుకునేది మాత్రం జిగురు వల్లో, ఫిల్మ్ తయారైన తీరు వల్లో.

పాత స్టిక్కర్లు ఏం చెప్పాయి

కొత్తవి ఎంచుకునేముందు పాతవి చూడటం మంచి అలవాటు. ఈ షాపులో రెండేళ్ళనాటి పని ఇంకా అతుక్కుని ఉంది. అది ఎక్కడెక్కడ ఎలా చెడిందో చూస్తే సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి.

అద్దం మీది ఎర్ర అక్షరాల చుట్టూ సన్నటి నల్ల గీత కనిపించింది. అది డిజైన్‌లోది కాదు. ఫిల్మ్ ముడుచుకుని లోపలికి జరిగితే, అది ఖాళీ చేసిన చోట జిగురు బయటపడింది, దానికి రోడ్డు దుమ్ము పట్టింది. గోటితో గీకితే ఫిల్మ్ పొరగా రాలేదు, అప్పడం ముక్కల్లా విరిగింది. ఇవి రెండూ మోనోమెరిక్ క్యాలెండర్డ్ వినైల్ లక్షణాలు. పీవీసీ ముద్దను వేడి రోలర్ల మధ్య నలిపి, సాగదీసి పల్చటి రేకు చేస్తే అది క్యాలెండర్డ్ ఫిల్మ్. సాగదీసిన ఒత్తిడి దాంట్లో మిగిలిపోతుంది, ఎండ తగిలిన కొద్దీ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మోనోమెరిక్ రకంలో చిన్న అణువులది, వేడికి త్వరగా బయటికి పోతుంది. అది పోయాక మిగిలేది పెళుసు రేకు. పాలిమెరిక్ కూడా రోలర్ల మీద చేసిందే. కానీ అందులో ప్లాస్టిసైజర్ పొడవాటి అణువులది కాబట్టి అంత సులువుగా కదలదు, ముడత కూడా తక్కువ.

వ్యాను పక్కల సంగతి వేరు. వెనక డబ్బా రేకులో నిలువుగా నొక్కుడు గాళ్ళు ఉన్నాయి, ఒక్కొక్కటి 40 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల లోతు. అంటించిన రోజు స్టిక్కరు గాడిలోకి చక్కగానే దిగి ఉంటుంది, హీట్ గన్‌తో దించేసి ఉంటారు. తరవాత ఎండకు ఫిల్మ్ తన పాత కొలతకు పోవాలని లాగడంతో గాడి పైన గుడారంలా లేచింది. ఆ గుడారంలోకి వాటర్ సర్వీసింగ్ నీళ్ళు దూరి చింపేశాయి. గాళ్ళ మధ్య చదునుగా ఉన్న చోట్ల అదే స్టిక్కరు ఇప్పటికీ గట్టిగా ఉంది. జిగురు మంచిదే, చెడింది ఫిల్మ్ అని దీన్నిబట్టి తెలుస్తుంది.

బోర్డు పగలు ఎర్రగా బాగానే ఉండేది. రాత్రి లైటు వేస్తే అక్షరాలు నల్లగా కనిపించేవి. కారణం చిన్నది: వెలుతురును ఆపే మామూలు ఎరుపు వినైల్‌ను, వెనక నుంచి లైటు వచ్చే అక్రిలిక్ మీద వేశారు.

రెండేళ్ళ క్రితం మూడు చోట్లా వేసింది ఒకే రోల్‌లోని సరుకు. మూడు చోట్లా మూడు రకాలుగా చెడింది. అందుకే ఈసారి రంగు, రేటు పక్కన పెట్టి ప్రతి చోటినీ ఉపరితలం ఏమిటి, చదునా వంపా, ఎంత ఎండ, ఎన్నాళ్ళు ఉండాలి, తీసేటప్పుడు కింద ఏమీ పాడుకాకూడదా అని విడివిడిగా చూడాల్సి వచ్చింది.

ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. మందం ఎక్కువుంటే గట్టి సరుకు అనుకుంటారు. మోనోమెరిక్ సాధారణంగా 80 నుంచి 100 మైక్రాన్లు, పాలిమెరిక్ 70, 80 దగ్గర, అన్నిటికంటే ఖరీదైన కాస్ట్ వినైల్ 50 మైక్రాన్లే. కాస్ట్‌ను ద్రవంగా ఉన్న పీవీసీని ఒక షీటు మీద పోసి, ఓవెన్‌లో ఆరబెట్టి చేస్తారు. రోలర్లు నలపవు, సాగదీయవు. వెనక్కి లాగే ఒత్తిడి లేదు కాబట్టి పల్చగా ఉన్నా వంపులో పడుకుని ఉంటుంది.

కేటలాగ్‌లో రాసే ఆయుష్షును కూడా సగమే నమ్మాలి. యూరప్ కంపెనీలు ఇచ్చే సంవత్సరాలు మధ్య యూరప్ వాతావరణానికి, నిలువు గోడకు లెక్క వేసినవి. విజయవాడలో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. పడమటి ఎండలో రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకని నిలువు ఉపరితలానికి కేటలాగ్ అంకెలో సగమే పట్టుకున్నాం. వ్యాను పైకప్పు లాంటి పడుకున్న ఉపరితలానికి అది ఇంకా పడిపోతుంది. పైకప్పు మీద ఏమీ వేయకపోవడం మొదటి నిర్ణయం.

రోల్ దగ్గర పరీక్ష

అమ్మేవాళ్ళు "ఇంపోర్టెడ్, పాలిమెరిక్" అంటారు. పెట్టె మీద పేరు లేని రోల్ అయితే నమ్మడానికి ఆధారం ఉండదు. ఆరు అంగుళాల పట్టీ ఒకటి కోసి, కాగితం ఒలిచి, వేలాడదీసి హెయిర్ డ్రయర్ పెడితే చాలావరకు తెలిసిపోతుంది. మోనోమెరిక్ గబుక్కున పొట్టిదై చుట్టుకుంటుంది. పాలిమెరిక్ కొంచెం ముడుస్తుంది. కాస్ట్ మెత్తబడి వేలాడుతుంది గానీ పొట్టి కాదు.

ఇంకాస్త ఓపిక ఉంటే, 10 సెంటీమీటర్ల చదరపు ముక్కను శుభ్రమైన అల్యూమినియం రేకు మీద అంటించి, మధ్యలో బ్లేడుతో ప్లస్ గుర్తు కోసి, వారం రోజులు ఎండలో పెట్టాలి. ఫిల్మ్ ముడిస్తే కోత నోరు తెరుచుకుంటుంది. ఈ పనికి తెచ్చిన రెండు నమూనాల్లో ఒకటి, పాలిమెరిక్ అని చెప్పి ఇచ్చింది, వారానికే అర మిల్లీమీటరుకు పైగా నోరు తెరిచింది. అది వెనక్కి వెళ్ళిపోయింది.

ముందు అద్దాలు

రెండు అద్దాలు 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. తలుపు 3 అడుగులు. వీటి మీద షాపు పేరు, వేళలు, ఫోన్ నంబరు. చదునైన గాజు, వినైల్‌కు ఇంతకంటే మంచి ఉపరితలం లేదు. ఇక్కడ కాస్ట్ వేస్తే డబ్బు దండగ. శాశ్వత జిగురు ఉన్న పాలిమెరిక్ లేదా ఒరకల్ బ్రాండు 651 తరగతి క్యాలెండర్డ్ సరిపోతుంది. మొత్తం 15 చదరపు అడుగులు.

అక్షరాలను అద్దం లోపలి వైపు, అద్దంలో ప్రతిబింబంలా తిప్పి కోసి అంటించాలని నిర్ణయం. వాన, దుమ్ము, అద్దం తుడిచే పిల్లాడి గోళ్ళు, మూడింటి నుంచీ కాపాడుకోవచ్చు. అలా చేస్తే బయటివాళ్ళు చూసేది ఫిల్మ్ ముఖం కాదు, జిగురు వైపు. కాబట్టి జిగురు పారదర్శకంగా ఉన్న సరుకే కావాలి. పాత బోర్డుల మీద కప్పడానికి వాడే బూడిద రంగు జిగురు వినైల్ ఇక్కడ వేస్తే తెల్ల అక్షరాలు బయటికి బూడిద రంగులో కనిపిస్తాయి. గాలి బయటికి పోయేందుకు జిగురులో సన్నటి గీతలున్న 'బబుల్ ఫ్రీ' రకం కూడా వద్దు. గాజు అవతలి నుంచి ఆ గళ్ళ నమూనా కనబడిపోతుంది.

రంగు తెలుపు, పసుపు. లోపల నీడగా ఉండే షాపుకు అవే దూరం నుంచి చదవడానికి వీలు. అద్దం సగాన్ని నల్లటి లేదా ముదురు ఫిల్మ్‌తో కప్పాలన్న ఆలోచన వచ్చింది, వద్దనుకున్నాం. పక్క అద్దాలు టఫెన్ చేయని 5 మిల్లీమీటర్ల మామూలు గాజు. పడమటి ఎండకు ముదురు ఫిల్మ్ ఉన్న భాగం వేడెక్కి, మిగతాది చల్లగా ఉంటే ఆ తేడాకే గాజు పగలొచ్చు.

3 నుంచి 5 అడుగుల ఎత్తు మధ్య, మూడు గాజులకూ కలిపి 11 అడుగుల పొడవున ఫ్రాస్టెడ్ (మసక గాజులా కనిపించే) ఫిల్మ్ పట్టీ వేశాం. 22 చదరపు అడుగులు. దీన్ని తడి పద్ధతిలోనే వేయాలి: లీటరు నీళ్ళలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ, గాజు మీదా జిగురు మీదా స్ప్రే చేసి, జరుపుకుంటూ సర్ది, మధ్య నుంచి అంచులకు స్క్వీజీ (నీళ్ళనూ గాలినీ బయటికి నెట్టే చేతి పట్టీ) లాగాలి. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు. గాజు చుట్టూ ఉన్న రబ్బరు దగ్గర రెండు మిల్లీమీటర్లు వదలాలి, రబ్బరు మీదికెక్కిన అంచు లేస్తుంది. జిగురు సాల్వెంట్ రకమైతేనే తడి పని. నీటి ఆధారిత జిగురు తడికి పాలలా తెల్లబడుతుంది, కొన్నిసార్లు ఆ తెలుపు పోదు.

గాజును బ్లేడుతో గీకి, సబ్బు నీళ్ళతో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బజార్లో దొరికే గ్లాస్ క్లీనర్ స్ప్రే చివరి తుడుపుకు పనికిరాదు, కంటికి కనిపించని పొర మిగులుస్తుంది.

తెలుగు అక్షరాల కోత గురించి ఒక మాట. అను ఫాంట్లలో గానీ యూనికోడ్‌లో గానీ 'పచ్చళ్ళు' అని టైపు చేసి కర్వ్‌లుగా మార్చితే, వత్తులూ గుణింతాలూ అక్షరం మీద ఎక్కి ఉంటాయి. ప్రింటుకు అది సమస్య కాదు. ప్లాటర్‌కు మాత్రం ప్రతి గీతా కోతే, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట అక్షరం మధ్యలో కోసేస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అన్నీ వెల్డ్ చేసి (ఒకే ఆకారంగా కలిపి), గీతలు మాత్రమే చూపించే వైర్‌ఫ్రేమ్‌లో ఒకసారి చూసి పంపాలి. తలకట్టు కొసలు సూదిలా ఉంటే అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది, కొసను కాస్త గుండ్రం చేయాలి. అతి సన్నని గీత 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే వత్తులున్న మాటకు అక్షరం ఎత్తు అంగుళం లోపు వద్దు. మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడు. ఫిల్మ్ పూర్తిగా తెగి, వెనక కాగితం మీద గీత మాత్రమే పడాలి. కాగితం తెగితే అప్లికేషన్ టేప్‌తో (కోసిన అక్షరాలను కాగితం నుంచి ఎత్తి అంటించే టేపు) ఎత్తేటప్పుడు కాగితం ముక్కలు జిగురుతో వచ్చేస్తాయి.

సంక్రాంతి, దసరా ఆఫర్ల స్టిక్కర్లకు ఇవేవీ అక్కర్లేదు. సులువుగా ఊడే జిగురు ఉన్న మోనోమెరిక్, అద్దం బయటి వైపు, 12 చదరపు అడుగులు. ఒకే షరతు: పదిహేను రోజుల్లో తీసెయ్యాలి. ఊడే జిగురు కూడా ఎండలో నెలల తరబడి ఉంటే ఊడని జిగురే అవుతుంది.

గ్లో సైన్ బోర్డు

12 అడుగులు × 3 అడుగులు, 3 మిల్లీమీటర్ల పాల రంగు అక్రిలిక్, లోపల ఎల్‌ఈడీలు. ఎర్ర నేల మీద తెల్లగా వెలిగే అక్షరాలు కావాలి. దీనికి వాడాల్సింది ట్రాన్స్‌లూసెంట్ వినైల్, అంటే వెలుతురును పరిచి బయటికి పోనిచ్చేది. 3ఎం 3630, ఒరకల్ 8500 ఈ కోవలోవి. వీటిలో రంగు పొర అంతటా సమంగా ఉంటుంది, పగలు బయటి వెలుతురులోనూ రాత్రి లోపలి వెలుతురులోనూ ఒకే ఎరుపు. పారదర్శకమైన రంగు ఫిల్మ్ దొరుకుతుంది కదా, అది వేయొచ్చా అని అడుగుతారు. వేస్తే రాత్రి ఎల్‌ఈడీ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, పగలు రంగు వెలిసినట్టుంటుంది.

అసలు చిక్కు అక్రిలిక్‌తో. షీటు మామూలుగా 8 × 4 అడుగులే వస్తుంది, 12 అడుగులకు రెండు ముక్కలు తప్పవు. అక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది: మీటరుకు, ఒక డిగ్రీకి దాదాపు 0.07 మిల్లీమీటర్లు. 7 అడుగుల ముక్క ఉదయానికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా చూస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు కదులుతుంది. కాబట్టి రెండు ముక్కల అతుకు మీదుగా వినైల్‌ను ఏకంగా లాగకూడదు, ముడత పడుతుంది లేదా చినుగుతుంది. షీట్లను 6, 6 కాకుండా 7, 5 అడుగులుగా కోయించి, అతుకు రెండు మాటల మధ్య ఖాళీలో పడేలా చూశాం. వినైల్ కూడా సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఫ్రేములో అక్రిలిక్‌కు రెండు పక్కలా కదలడానికి చోటు వదలాలి, స్క్రూ బిగించి నొక్కేస్తే మధ్యలో ఉబ్బుతుంది.

వినైల్ 4 అడుగుల రోల్ తీసుకుంటే 3 అడుగుల ఎత్తుకు అడ్డ అతుకు రాదు. ట్రాన్స్‌లూసెంట్‌లో ఒక పొర మీద ఇంకో పొర ఎక్కితే రాత్రి అక్కడ ముదురు గీత కనిపిస్తుంది, పగలు తెలియదు. 7.25, 5.25 అడుగులు కలిపి పన్నెండున్నర అడుగుల పొడవు, అంటే 50 చదరపు అడుగుల సరుకు. అడుగు వెడల్పు పట్టీ మిగులుతుంది, దాన్ని పారేయకూడదు, కారణం తరవాత.

నేల నుంచి అక్షరాన్ని పీకేసే పని కాబట్టి, సున్నా మధ్యలో ఉండే గుండ్రటి ముక్క, అక్షరాల లోపలి గూళ్ళు విడిగా మిగులుతాయి. అక్షరం పీకేటప్పుడు అవి దాంతో లేచి రాకుండా చూసి, వెంటనే అప్లికేషన్ టేప్ వేసెయ్యాలి. ఒక్క సున్నా జరిగినా రాత్రి రోడ్డు అవతలికి కనిపిస్తుంది.

అక్రిలిక్‌ను థిన్నర్‌తో తుడిస్తే సన్నటి పగుళ్ళు వస్తాయి, ఆల్కహాల్ కూడా కోసిన అంచుల దగ్గర ప్రమాదమే. పల్చటి సబ్బు నీళ్ళు చాలు. ఇంకో సంగతి: అక్రిలిక్, అంతకంటే ఎక్కువగా పాలీకార్బొనేట్, తమలో ఉన్న తేమనూ వాయువులనూ వేడికి బయటికి వదులుతాయి. వినైల్ కింద చిరు బొబ్బలుగా లేచేవి అవే, స్క్వీజీ తప్పు కాదు. అందుకే అదే షీటు తునక మీద ఆరంగుళాల వినైల్ ముక్క అంటించి ఒక రోజు ఎండలో పెట్టి చూశాక మిగతాది వేశాం.

వ్యాను

ఈ మొత్తం పనిలో కాస్ట్ కావాల్సిన చోటు ఇదొక్కటే, అది కూడా తప్పనిసరేమీ కాదు. గాళ్ళ మధ్య చదును పట్టీల్లో పాలిమెరిక్ అక్షరాలు మాత్రం వేసి, గాళ్ళను వదిలేస్తే మూడో వంతు ఖర్చులో అయిపోయేది. ఆ డిజైన్ కూడా గీసి ఇచ్చాం. యజమానికి డబ్బా అంతటా ఎండు మిరప కళ్ళం ఫొటో కావాలి. ఫొటో గాళ్ళ మీదుగా పోతుంది కాబట్టి ప్రింటబుల్ కాస్ట్, దాని మీద కాస్ట్ లామినేషన్ (ప్రింటును కాపాడే పారదర్శక పైపొర). కాస్ట్ మీద క్యాలెండర్డ్ లామినేషన్ వేసి డబ్బు మిగిలించుకుందామన్న సలహా తరచూ వస్తుంది. పైపొర ముడుస్తుంది, కిందిది ముడవదు, అంచులు చుట్టుకుంటాయి. పైగా ఆ రెంటిలో పనికిరానిదాని ఆయుష్షే మొత్తానికి ఆయుష్షు.

పక్కలు 7 × 4 అడుగులు చొప్పున రెండు, వెనక తలుపులు 4 × 4. కాస్ట్ రోల్ వెడల్పు 54 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులు. ఎత్తుకు మూడేసి అంగుళాలు అదనంగా వస్తుంది. పొడవుకూ అంతే కలిపితే ఏడున్నర, ఏడున్నర, నాలుగున్నర: మొత్తం పందొమ్మిదిన్నర అడుగుల పొడవు, 88 చదరపు అడుగులు. లామినేషన్‌కూ అంతే. రేటు మార్కెట్‌ను బట్టి మారుతుంది గానీ, మోనోమెరిక్‌ను ఒకటి అనుకుంటే పాలిమెరిక్ సుమారు రెండు, లామినేషన్‌తో కలిపి కాస్ట్ ఐదారింతలకు పైనే.

ఎకో సాల్వెంట్ ఇంకుతో ప్రింటు తీసిన వెంటనే లామినేట్ చేయకూడదు. ఇంకులోని సాల్వెంట్ ఫిల్మ్‌లోకి దిగి జిగురును మెత్తబరుస్తుంది, అంచులు లేస్తాయి. ఈ పనిలో 48 గంటలు వదులుగా చుట్టి నిలబెట్టి ఆరనిచ్చాం. మిరపకాయల ఎరుపు అంటే ఇంకు బరువు, ఒక రోజు చాలదు.

లామినేషన్ మ్యాట్ కాకుండా గ్లాసీ ఎంచుకోవడానికి కారణం దసరా. ఆయుధ పూజకు బండికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. మ్యాట్ మీద పసుపు మరక దిగితే తుడవడం కష్టం, గ్లాసీ అయితే చాలామటుకు వస్తుంది.

అంటించిన తీరు: షెడ్డు కింద, పొద్దున 7 గంటలకు మొదలు, రేకు వేడి 35 డిగ్రీలు దాటకుండా. పాత జిగురు తీసి, కడిగి, తలుపు సందుల్లో నూనె తుడిచి, ఆల్కహాల్ రెండు సార్లు. పాలిష్ కొట్టిన బండికి ఒక్కసారి చాలదు. గాలి గీతలున్న జిగురు కాబట్టి పొడిగానే వేయాలి, నీళ్ళు చల్లితే ఆ గీతలు మూసుకుపోతాయి. ముందు గాళ్ళ మీదుగా పరదాలా చదునుగా పరిచి, గాళ్ళ మధ్య చదును భాగాలు అతికించాలి. ఆ తరవాత ఒక్కో గాడిని మెల్లగా వేడి చేస్తూ, మెత్తని చేతి తొడుగుతో మధ్య నుంచి కిందికీ పైకీ నొక్కుకుంటూ పోవాలి. ఒక కొస నుంచి రెండో కొసకు పోతే గాలి చిక్కుతుంది. చిక్కిన చోట బ్లేడు కాదు, సూదితో ఒక పోటు.

చివరి పని చాలామంది వదిలేస్తారు. గాళ్ళలో దించిన ప్రతి చోటా మళ్ళీ వేడి పెట్టి ఫిల్మ్ 90 డిగ్రీలు దాటేలా చేయాలి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసుకుంటూ. కచ్చితమైన అంకె ఆ ఫిల్మ్ డేటా షీటులో ఉంటుంది. సాగిన ఫిల్మ్ ఆ వేడికి కొత్త ఆకారాన్ని తన ఆకారంగా తీసుకుంటుంది. చెయ్యి పెట్టి 'వేడిగానే ఉంది' అనుకుంటే అది 60 దగ్గరే ఉంటుంది, కాస్ట్ కూడా మెల్లగా పైకి లేస్తుంది.

నలుపు ప్లాస్టిక్ బంపర్ మీద, రబ్బరు బీడింగ్ మీద ఏదీ వేయలేదు. పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌కు మామూలు జిగురు పట్టదు. నీటి బొట్టు వేసి చూస్తే తెలుస్తుంది: పరుచుకుంటే జిగురు పడుతుంది, ముత్యంలా నిలబడితే అనుమానమే. పక్కల పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టివ్ టేపులు నిబంధనల ప్రకారం ఉండాల్సినవి, వాటి చుట్టూ కోశాం. అద్దాల మీద ఫిల్మ్ అడిగారు. 2012లో సుప్రీంకోర్టు బండ్ల అద్దాల మీద ఫిల్ములు వద్దన్న తీర్పు తరవాత వాటి జోలికి పోకపోవడమే నయం. క్యాబిన్ తలుపుల మీద పేరు, నంబరు మాత్రం అద్దాలకు వాడిన పాలిమెరిక్ నుంచే కోశాం, ఒకే వైపు తిరిగే స్వల్ప వంపుకు అది చాలు.

గోడ

ఇక్కడ అనుకున్నది ఒకటి, చేసింది ఇంకొకటి. గోడకు పుట్టీ పెట్టి ఎమల్షన్ వేసి ఆరు రోజులే అయింది. గోడ స్టిక్కర్లకు సాధారణంగా వాడేది ఒరకల్ 631 తరగతి: మ్యాట్, ఊడదీయగల నీటి ఆధారిత జిగురు. కొత్త రంగు మీద మూడు వారాలైనా ఆగాలి, లేకపోతే రంగు నుంచి వచ్చే తేమకు జిగురు పట్టదు.

ఆగే సంగతి తరవాత, ముందు టేప్ పరీక్ష. గట్టి మాస్కింగ్ టేప్ ముక్కలు ఆరు చోట్ల అంటించి, గంట తరవాత చటుక్కున లాగాం. పైన నాలుగు చోట్ల శుభ్రంగా వచ్చింది. కింద రెండు చోట్ల రంగుతో పాటు పుట్టీ పొడి కూడా వచ్చింది. గోడ అడుగున చెమ్మ ఉంది. దీనికి ఎంత ఖరీదైన వినైల్ తెచ్చినా లాభం లేదు. వినైల్ పుట్టీని పట్టుకుంటుంది, పుట్టీ గోడను పట్టుకోదు. జిగురు గట్టిదైన కొద్దీ పెచ్చు పెద్దది.

అందుకని చవకైన దారి పట్టాం. 8 × 4 అడుగుల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు), 5 మిల్లీమీటర్ల మందం, దాని మీద మామూలు మోనోమెరిక్ ప్రింటు, 32 చదరపు అడుగులు. నేలకు మూడడుగుల పైన, స్పేసర్లు పెట్టి గోడకు స్క్రూలతో బిగింపు, వెనక గాలి ఆడేలా. లోపల ఎండ లేదు, ఉపరితలం నునుపు, వంపు లేదు: మోనోమెరిక్‌కు పుట్టినిల్లు లాంటి చోటు. పనికిమాలిన సరుకని దాన్ని తీసిపారేసేవాళ్ళు దాన్ని ఎండలో చూసినవాళ్ళే.

సీసాలు, ఇంకా మిగిలినవి

సీసా లేబుళ్ళకు రోల్ వినైలే వద్దన్నాం. మూత దగ్గర నుంచి కారే నూనె లేబుల్ అంచు కిందికి దిగి జిగురును వదులు చేస్తుంది. గుండ్రటి సీసా మీద మందపు ఫిల్మ్ అంచు ఎప్పుడూ లేవాలనే చూస్తుంది. లేబుల్ ప్రింటర్ల దగ్గర దొరికే బీవోపీపీ (పల్చటి పాలీప్రొపిలీన్ ఫిల్మ్) లేబుల్ స్టాక్ సరైనది. సీసా వ్యాసం 80 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 251. లేబుల్ 230 మిల్లీమీటర్లే ఉంచి, కొసల మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలాం. కొస మీద కొస ఎక్కిస్తే లేచేది అక్కడే. లేబుల్ వేయాల్సింది పచ్చడి నింపకముందు, పొడి సీసా మీద. నింపాక గుడ్డతో తుడిచి వేస్తే ఆ గుడ్డకున్న నూనే సీసా అంతా పడుతుంది. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు కోసం చోటు ముందే ఉంచాలి, తరవాత చిన్న స్టిక్కరుగా అతికిస్తే అదే ముందు ఊడుతుంది.

రోలింగ్ షట్టర్ మీద స్టిక్కరు అడిగారు. పలకలు చుట్టుకునేటప్పుడు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఏ వినైలూ నిలవదు, పెయింటు వేయించుకోమన్నాం. పనివాళ్ళ టీ షర్టుల మీద పేరుకు ఈ స్టిక్కరు పనికిరాదు. దానికి వేడితో అతికే హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్ వేరే ఉంది, తిప్పి కోసి ప్రెస్ కింద పెట్టాలి.

వేసవి తరవాత

జూన్ చివర తనిఖీ. అద్దాల అక్షరాలు కదల్లేదు, నల్ల గీతలు లేవు. బోర్డు అతుకు దగ్గర వినైల్ అంచులు అలాగే ఉన్నాయి, మధ్య సందు మధ్యాహ్నం సన్నబడి రాత్రికి వెడల్పవుతోంది, అనుకున్నట్టే. వ్యాను గాళ్ళు అన్నీ కూర్చునే ఉన్నాయి. వెనక కుడి తలుపు గడియ దగ్గర మాత్రం అయిదు మిల్లీమీటర్ల అంచు లేచింది.

అది ఫిల్మ్ లోపం కాదు. నీళ్ళ పైపు తుపాకీని అంగుళాల దూరంలో, అంచుకు ఎదురుగా పట్టి కడిగారు. ప్రెజర్ వాషర్ ముక్కు కనీసం అడుగు దూరంలో, ఒత్తిడి 2000 పీఎస్‌ఐ లోపు, ధార విచ్చుకున్నట్టు, ఉపరితలానికి నిటారుగా ఉండాలి. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళకు ఇవన్నీ చెప్పేకంటే, అంచుల దగ్గర బకెట్, స్పాంజి వాడమని డ్రైవర్‌కు చెప్పడం సులువు. లేచిన భాగాన్ని తిరిగి అంటించలేదు, దుమ్ము పట్టిన జిగురు మళ్ళీ పట్టదు. కొత్త బ్లేడుతో గుండ్రంగా కోసి తీసేసి, మిగిలిన కాస్ట్ ముక్క నుంచి అదే ఆకారం వేసి, అంచును మూసేసే ఎడ్జ్ సీలర్ పూశాం.

ఆ మిగులు ముక్కలు, బోర్డు నుంచి మిగిలిన అడుగు వెడల్పు ఎర్ర పట్టీతో సహా, షాపులోనే ఉన్నాయి. ఒక బ్యాచ్ ఎరుపు ఇంకో బ్యాచ్‌తో కలవదు, ట్రాన్స్‌లూసెంట్‌లో అయితే లైటు వేయగానే తేడా పట్టిస్తుంది. రంగు వైపు బయటికి ఉండేలా మూడంగుళాల గొట్టానికి చుట్టి, బ్యాచ్ నంబరు రాసి, నిలబెట్టి ఉంచారు. పడుకోబెడితే బరువుకు చదునైపోయి గీతలు పడతాయి. మంచి నీడలో ఉంటే రెండేళ్ళ దాకా జిగురు పనిచేస్తుంది. కాకపోతే అవి ఉన్న అల్మరా పడమటి గోడకు ఆనుకుని ఉంది, దాన్ని జరపమని చెప్పి వచ్చాం.